కుడిచేతి చదువు

సంవత్సరమున కొకమారు ఈ సంచికకు ఏదేని వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు మమ్ము కోరుట వాడుక. గడచిన యేండ్లలో వ్యాకరణమును గూర్చియు, పాఠశాల తోటను గూర్చియు వ్రాసితిమి. వానిని చదివినవారెందరో మేమెరుగము. ఈ యేడు తొమ్మిదవ తరగతి బాలురు కొందరు మా బల్లయొద్దకు వచ్చి, "అయ్యా, ఈసారి బాక్సింగును గూర్చి వ్రాయుడు" అనిరి. తెలుగు చెప్పువాడు గుద్దులాటను గూర్చి వ్రాయుట యేమని తల్లిదండ్రులలో కొందరు నవ్వవచ్చును. అయినను సాయంకాలములందు పాఠశాల వెనుకనున్న రేకులపాకలో మేము ఆ విద్య నేర్పుచుండుట వారు చూచుచున్నదే. అందులోనుండి ఒక్క చిన్న విషయమును మాత్రము తీసికొందుము. ఎడమచేతివాటముగల బాలుడు తన ముందుచేతి గుద్దును ఎదుటివానికి తగులునట్లు చేయుట యెట్లు? వినుటకు ఇది చిన్నమాటయే. దీనిని నేర్పబోయి మేము చాలకాలము తడబడితిమి. ఒక బాలుని ముక్కు కూడ అందులో కొంత నష్టపడినది.

బాక్సింగు ఎరుగని పెద్దలకొరకు కొంచెము వివరింతుము. కుడిచేతివాటముగలవాడు ఎడమపాదమును, ఎడమచేతిని ముందుంచి, బలమైన కుడిచేతిని గడ్డమువద్ద వెనుక దాచుకొనును. దీనిని ఆర్థొడాక్సు నిలుకడ యందురు. పుర్రచేతివాడు అద్దములోని ప్రతిబింబమువలె కుడిపాదమును, కుడిచేతిని ముందుంచి, ఎడమచేతిని వెనుక నుంచుకొనును. వీనిని సౌత్‌పా యందురు. ఆ యింగ్లీషు మాటకు దక్షిణపు పంజా యని అర్థము. మనకు దక్షిణహస్తమనగా కుడిచేయి. వారికి దక్షిణపు పంజా యనగా ఎడమచేతివాడు! పాకలో ఈ సంగతి చెప్పినప్పుడెల్ల బాలురు కొంతసేపు కుడియెడమలు మరచి, తప్పుకాలు ముందుంచి నిలుచుందురు.

ముందుచేతితో సూటిగా వేసి, తటాలున వెనుకకు తీసికొను గుద్దునకు జ్యాబు అని పేరు. ఎదుటివానిని పడగొట్టుటకు ఇది పనికిరాదు. వాడెంత దూరమున నున్నాడో కొలుచుటకును, వాని కన్నులకు అడ్డుపడుటకును, వాడు వేయబోవు అడుగును ఆపుటకును, వెనుకచేతికి త్రోవ తీయుటకును ఇదియే సాధనము. చీకటిలో నడచువాడు చేతికర్రతో నేలను తట్టి చూచినట్లు, బాక్సరు జ్యాబుతో ఎదుటివానిని తట్టి చూచును. అది తగులనివానికి మిగిలిన గుద్దులన్నియు ఊహలే.

మేము పుట్టుకతో పుర్రచేతివారము. పలక యిచ్చిన దినముననే బలపమును ఎడమచేత పట్టితిమట. మేము మొదట చదివిన బడి పేరు ఇచట అక్కరలేదు. అచటి ఉపాధ్యాయులొకరు అంచుబద్దతో మా ఎడమచేతి కణుపులపై కొట్టుచుండిరి. ఇంట మా నాయనమ్మ, భోజనమునకు కూర్చుండునపుడు మా ఎడమ మణికట్టునకు పాతచీరె పేలిక కట్టి, దాని కొసను తన మోకాలిక్రింద నొక్కిపట్టుచుండెను. ఆమెకు మాయందు ప్రేమ మిక్కుటము. పెండ్లిపంక్తిలో మనుమడు ఎడమచేత అన్నము కలిపిన నలుగురు నవ్వుదురని ఆమె భయము. ఏడాది తిరుగకముందే కుడిచేత వ్రాయ నేర్చితిమి. అక్షరములు కుదురుగానే వచ్చినవి. నల్లబల్లమీది మా దస్తూరిని మెచ్చుకొనువారు ఇప్పటికిని కలరు. అయినను రాతితో మామిడికాయను కొట్టుటకును, తలుపుగడియ తీయుటకును ఎడమచేయియే మాకంటె ముందుగా లేచుచుండెను.

ఆ దినములలోనే ఆదివారపు బడిలో న్యాయాధిపతుల గ్రంథమునుండి ఏహూదు కథ వింటిమి. ఎడమచేతివాటముగల శూరుడొకడు బైబిలులో నున్నాడని తెలిసి మేము పొందిన సంతోషము ఇంతంత కాదు. ఆ గ్రంథములోనే, వెండ్రుకనైన గురితప్పక వడిసెలతో కొట్టగల పుర్రచేతి బెన్యామీనీయులు ఏడువందలమంది కలరు. బెన్యామీను అను పేరునకు కుడిచేతి కుమారుడని యర్థమట! ఆ ఏడువందలమందిలో ఒక్కనికైన నాయనమ్మ చేతికి పేలిక కట్టియుండునా యని ఆ వయస్సున మేము చాల ఆలోచించితిమి.

2003వ సంవత్సరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరితిమి. అచటి వ్యాయామ శిక్షకులు సైన్యమున పనిచేసి వచ్చినవారు. వసతిగృహపు వరండాలో సాయంకాలమున రెండు జతల గ్లౌజులు పెట్టుకొని, ఇష్టపడినవారికి బాక్సింగు నేర్పెడివారు. "నీకు తోచినట్లు నిలువుము" అని మాతో చెప్పిరి. మేము ఆలోచింపకయే కుడికాలు ముందుంచితిమి. వారము దినములలోనే మా జ్యాబు తోడివారికి తగులసాగెను. ఆయన మా కుడిచేతిని పట్టుకొని త్రిప్పి చూచి, "ఈ చేయి ఎచట చదువుకొన్నది?" అని యడిగిరి. "పలకమీదనండి" అని, అంచుబద్ద కథ చెప్పితిమి. ఆయన నవ్వలేదు. "అదియే సంగతి. పుర్రచేతివారిలో పెక్కుమందికి ముందుచేయి చదువురాని చేయి. నీది చదువుకొన్నది" అనిరి.

ఆ మాట మాకు ఎంతమాత్రము నచ్చలేదు. కణుపులపై పడిన దెబ్బలకు ఇప్పుడు మేము కృతజ్ఞత చెప్పవలెనా యని ఆ రాత్రి నిద్రపట్టలేదు. అయినను ఆయన చెప్పినది నిజమే. కుడిచేతివాటముగలవాడు ఆర్థొడాక్సుగా నిలిచినను జ్యాబు వేయునది వాని ఎడమచేయియే గదా; వానికిని అది నేర్పరిచేయి కాదు. కాని వానికి నేర్పువారు వేలకొలది కలరు. పుర్రచేతివాని కుడిచేతికి గురువులు తక్కువ. నేర్పరిచేతిని ముందుంచుకొని మేలుపొందినవారును ఉన్నారు. 1992లో బార్సిలోనా ఒలింపిక్సున బంగారు పతకము గెలిచిన ఆస్కార్ డి లా హోయా పుట్టుకతో పుర్రచేతివాడు. ఆర్థొడాక్సుగా నిలిచి, ఆ ఎడమచేతినే జ్యాబునకు వాడెను. ఉక్రెయిను దేశీయుడగు వాసిల్ లొమచెంకో కుడిచేతివాటముగలవాడై యుండి సౌత్‌పాగా నిలిచి, 2008లో బీజింగునందును, 2012లో లండనునందును బంగారు పతకములు పొందెను. ఒకప్పుడు పాశ్చాత్య శిక్షకులలో పలువురు పుర్రచేతివారిని ఎట్లయినను ఆర్థొడాక్సునకు త్రిప్పవలెనని చూచెడివారు. హెవీవెయిట్ తరగతిలో సౌత్‌పా నిలుకడవాడు ప్రపంచ విజేత యగుట 1994లో మైకేల్ మూరర్‌తోనే మొదలు. అంచుబద్ద మన బడులకే పరిమితము కాదన్నమాట.

ఇక మా బాలుని సంగతి. వాని పేరు వ్రాయము. పదవ తరగతి చదివినవారందరు గుర్తుపట్టగలరు. వాడు రెండవ తరగతిలో నుండగా వాని తల్లి మాయొద్దకు వచ్చి, "మేష్టరుగారూ, వీనిచేత కుడిచేత్తో వ్రాయించండి" అని బ్రతిమాలెను. మేము చీరె పేలికను తలచుకొని, "అమ్మా, పిల్లవాని చేయి దేవుడిచ్చినది. దాని జోలికి పోవలదు" అని గట్టిగా చెప్పి పంపితిమి. వాడు ఎడమచేతనే వ్రాయుచు పెరిగెను.

2022లో నిజామాబాదు వాస్తవ్యురాలగు నిఖత్ జరీన్ గారు ఇస్తాంబులునందు 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత యైరి. ఆ వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన దినముననే బాలబాలికలు పదునేడుగురు వచ్చి, తమకు బాక్సింగు నేర్పుమనిరి. ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల సంతకములు, వైద్యుని పత్రము లేనిదే వలదనిరి, సబబే. గ్లౌజులు, తలకవచములు, పండ్లకు తొడుగులు కొనబడినవి. సంచికి డబ్బు చాలక, గోనెసంచిలో పాతగుడ్డలు కూరి దూలమునకు వ్రేలాడదీసితిమి. మేరీ కోమ్ గారివలె తానును కుడికాలు ముందుంచెదనని ఒక బాలిక పట్టుబట్టెను. ఆమెకు కుడిచేతివాటము, అది వేరు కథ. మన పుర్రచేతి బాలుడును వారిలో వచ్చెను. సన్నని పొడుగాటి పిల్లవాడు, మితభాషి.

ఇచటనే మా మొదటి తప్పు. పదునేడుగురిలో పదునారుగురు ఒకవిధముగ నిలుచుచుండగా వీడొక్కడు తిరుగబడి నిలుచుట మాకు నేర్పుటలో చిక్కుగ నుండెను. డి లా హోయా పేరు చెప్పి, వానిని ఆర్థొడాక్సుగా నిలుమంటిమి. నేర్పరిచేయి ముందుండును గదా యని మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి. మూడు నెలలు వాడు మారుమాటాడక అట్లే నిలిచెను. ఒకనాడు గ్లౌజులు విప్పుచు, "అయ్యా, చేయి బాగానే యున్నది. కాళ్ళు మాత్రము ఇంకెవరివో వలె నున్నవి" అనెను. మాకు సిగ్గు కలిగినది. మరునాటినుండి వానిని వాని కాళ్ళమీదనే నిలువనిచ్చితిమి. చిత్రమేమనగా, ఆర్థొడాక్సుగా నిలిచిన శిక్షకుడు ఎదుట నిలిచినపుడు, పుర్రచేతివానికి అది అచ్చముగా అద్దమే. చూచి అనుకరించుట వానికే సులభము. ఇంతకాలము చిక్కనుకొన్నది వానికి గాక మాకే చిక్కు!

2023 జనవరిలో ప్రక్క పట్టణమున జరిగిన పోటీకి వానిని తీసికొని పోతిమి. ఎదుటి బాలుడు ఆర్థొడాక్సు. మొదటి రౌండులో మావాడు వేసిన ప్రతి జ్యాబు ఆ బాలుని ఎడమ గ్లౌజునకే తగిలెను. మేము మూలనుండి "వేగముగా! ఇంకను వేగముగా!" అని కేకలు వేయుచుంటిమి. వాడు పాపము వేగముగానే వేసెను. వేగముగానే గ్లౌజునకు తగిలెను. ఎదుటివాని కుడిచేయి మాత్రము రెండు చేతుల నడుమ రాచబాటవలె వచ్చి వీని ముక్కుపై వ్రాలుచుండెను. మూడవ రౌండునకు నెత్తురు కారినది. అయిదుగురు న్యాయనిర్ణేతలును ఎదుటివానికే గెలుపిచ్చిరి.

తిరుగు బస్సులో, ముక్కుపై తడిగుడ్డ పెట్టుకొని వాడడిగిన ప్రశ్న ఇది: "అయ్యా, నా చేయి పోవలసినచోట వాని చేయి ముందే యున్నది. ఎట్లు పోవలెను?" మావద్ద జవాబు లేదు. కళాశాలలో మా జ్యాబు తగులుచుండినది నిజమే. తోడివారందరు మావలెనే క్రొత్తవారగుటచేతను, మా కుడిచేయి చదువుకొన్నదగుటచేతను తగిలినది. ఎందుకు తగులుచున్నదో మేము ఏనాడును విచారింపలేదు. తనకు సులభముగా వచ్చినదానిని నేర్పుట ఉపాధ్యాయునకు మిక్కిలి కష్టము.

ఆ రాత్రి భోజనపుబల్లమీద రెండు జతల చెప్పులు ఎదురెదురుగా పెట్టి (మా యింటివారు దీనిని ఇప్పటికిని క్షమింపలేదు), ఎవరి చేయి ఎవరి చేతికి ఎదురగునో చూచితిమి. ఇద్దరు ఆర్థొడాక్సువారు ఎదురుపడినపుడు, ఒకని ముందుచేయి రెండవవాని వెనుకచేతికి ఎదురుగా నుండును. ఆ వెనుకచేయి గడ్డముదగ్గర నుండును గనుక జ్యాబు పోవుటకు చాలవరకు త్రోవ ఖాళీ. ఆర్థొడాక్సువాడును సౌత్‌పాయును ఎదురుపడినపుడట్లు కాదు. ముందుచేతులు రెండును ఒకే గీతమీద, ఇరుకుసందులో ఎదురెదురుగా వచ్చిన రెండెడ్లబండ్లవలె నిలుచును. వెనుకచేతులకు మాత్రము బాట తెరచియుండును. అందువలననే ఇట్టి పోటీలలో వెనుకచేతి సూటిగుద్దులు ఎక్కువగా తగులును, జ్యాబులు తక్కువగా తగులును. ఎదురుబండిని "వేగముగా పొమ్మని" కేకవేసిన మా తెలివిని ఏమనవలెను?

ప్రపంచమున సుమారు పదిమందిలో ఒకడే పుర్రచేతివాడు. కావున సౌత్‌పా ప్రతిదినము ఆర్థొడాక్సువారితోనే అభ్యసించును. ఆర్థొడాక్సువానికి సౌత్‌పా ఎప్పుడో గాని దొరకడు. ఇరుకుసందులో దినమును తిరుగువాడు వీడే. సందులో నడచు తీరు నేర్పినచో మేలు వీనిదే.

మొదట పాదము. కుడిపాదమును ఎదుటివాని ఎడమపాదమునకు వెలుపల పెట్టవలెను. అట్లు చేసినచో మన తల వాని కుడిచేతికి దూరమగును. మన ఎడమచేయి వాని రొమ్మునకు సూటి యగును. జ్యాబు వాని గ్లౌజును ఒరసికొనక ప్రక్కగా పోగలదు. వెలుపల అనగా బెత్తెడు వెలుపల. బాలురకు ఇది చెప్పగానే మూరెడు పోవుదురు. అచట ఎదుటివాని ఎడమచేతి హుక్కు గుమ్మమువద్ద కాచుకొనియుండును. అందుచేత కుడిభుజము గడ్డమును కప్పుకొనియే అడుగు వేయవలెను. నేలమీద సుద్దతో పాదముల గుర్తులు గీచి నెలదినములు వానిచేత అడుగులు వేయించితిమి. వెలుపలి పాదమే సర్వము అనుకొనుట కూడ మూఢత్వమే. ఎదుటివాడును అదే చోటికి తన పాదమును తెచ్చును. ఇద్దరును వలయముగా తిరుగుచు కాళ్ళు త్రొక్కుకొందురు. అట్టివేళ పాదమును వదలి చేతిని చూడవలెను.

చేతిపని మిక్కిలి రుచికరమైనది. ఎదుటివాని ముందు గ్లౌజును మన ముందు గ్లౌజుతో క్రిందికి తట్టి, ఆ తట్టినచోటినుండియే జ్యాబు వేయవలెను. తట్టినది, వేయునది ఒకే చేయి. తట్టిన తరువాత చేతిని వెనుకకు తీసికొని వేసినచో, ఈలోపల వాని చేయి తిరిగి పైకి లేచును. తట్టు జానెడైనచో వాడు మేలుకొనును. రెండంగుళములైనచో తగిలినదనియే వానికి తోచదు. గోనెసంచికి ముందు ఒక మేజోడులో కొబ్బరిపీచు కూరి త్రాటితో వ్రేలాడదీసి, దానిని ఎదుటివాని గ్లౌజుగా భావింపుమంటిమి. మేజోడును తట్టి, అది ఊగి తిరిగి వచ్చులోపల సంచిని కొట్టవలెను. మొదట మేజోడు గెలిచినది. రెండు వారములు గెలిచినది. కొన్నిసార్లు ఊరక తట్టి ఆగవలెను. నాలుగుసార్లు తట్టి ఊరకున్నచో, అయిదవమారు వాడు దానిని లెక్కచేయడు, అప్పుడు వేయవలెను. మరికొన్నిసార్లు తట్టబోవునట్లు కనబడినచో వాడు చేతిని పైకి లాగుకొనును. ఆ క్రిందినుండి రొమ్ముమీదికి పోవచ్చును.

రొమ్ముమీది జ్యాబును బాలురు చిన్నచూపు చూతురు. ముఖమునకు తగిలిననే గుద్దు అని వారి తలంపు. నిజమునకు ముందుచేయి ముఖమునకు అడ్డుగా నిలిచినపుడు దాని క్రింద రొమ్మును, పొట్టయు తెరచియుండును. నడుము వంపక మోకాళ్ళు వంచి, కన్నులెత్తియుంచి, ఎడమచేతిని గడ్డమువద్దనే యుంచి వేసినచో అది తగులుట ముఖమునకంటె సులభము. రెండుమూడుమార్లు అచట తగిలిన తరువాత ఎదుటివాని ముందుచేయి తనంతట తాను క్రిందికి దిగును. అప్పుడు ముఖపు బాట తెరచుకొనును. ఒక జ్యాబును గ్లౌజునకు తగులనిచ్చి, దానివెంటనే రెండవదానిని వేయుట మరియొక ఉపాయము. మొదటిది తలుపు తట్టుట, రెండవది లోనికి పోవుట. తట్టుట, వేయుట, తీసికొనుట ఈ మూడింటిలో బాలురు మరచునది మూడవది. చాచిన చేతిని అచటనే వదలినచో, నడుమ బాటలో కుడిచేయి వచ్చును. బస్సులో తడిగుడ్డ మరల అవసరమగును.

ఇదంతయు కుడిచేయి చేయవలసిన పని. మావాని కుడిచేయి అన్నము తినుటకు తప్ప ఎన్నడును పని యెరుగదు. కావున దానికి చదువు చెప్పదలచితిమి. గోడకు టెన్నిసు బంతి కొట్టి కుడిచేత పట్టుట, సుద్దతో గీచిన చిన్న సున్నాలలో నడిచుచు వ్రేలితో నడిమిచుక్కను తాకుట, బడిగంట కుడిచేత కొట్టుట, ఇంట తలుపుగడియలు, చొక్కాగుండీలు, బావిచేద అన్నియు కుడిచేతితో. వ్రాతపని మాత్రము చెప్పలేదు. ఏలనో ఆ మాట నోటికి రాలేదు.

రెండు నెలలు గడువకముందే ఒక సాయంకాలము వాని తల్లి పాకయొద్దకు వచ్చినది. కోపముగా నున్నదని నడకలోనే తెలిసినది. "మేష్టరుగారూ, రెండో తరగతిలో వీనికి కుడిచేత్తో వ్రాయించండని మిమ్ములను ఎంత బ్రతిమాలుకొన్నాను! దేవుడిచ్చిన చేయి, జోలికి పోవద్దు అన్నారు. ఇప్పుడు గుద్దులాటకోసం మీరే ఆ చేతిని దిద్దుతున్నారు. అప్పుడు దిద్దితే తప్పూ, ఇప్పుడు దిద్దితే ఒప్పూనా?" అని యడిగినది.

మేము ఉపాధ్యాయులము గనుక జవాబు త్వరగానే వచ్చినది. "అమ్మా, ఆనాడు మీరు ఎడమచేతిని మాన్పించుమంటిరి. మేము దేనిని మాన్పించుట లేదు, రెండవదానికి కూడ నేర్పుచున్నాము" అంటిమి. జవాబు మాకే బాగున్నట్లు తోచినది. ఆమె దానిని పట్టించుకొనలేదు. కొడుకు కుడిచేతిని ముందుకు లాగి మాకు చూపినది. మణికట్టు వాచియున్నది. "వారం రోజులనుండి చేద లాగలేకపోతున్నాడు. మీతో చెప్పడు. మీరంటే భయం కాదు, మీరంటే వానికి గౌరవం" అన్నది.

మేమేమి పలుకగలము? వారముదినములు ఆ చేతిని చూచినదెవరు? మేమే. తట్టు రెండంగుళములా, మూడంగుళములా అని చూచితిమి, వాపు చూడలేదు. అంచుబద్ద పట్టుకొన్న ఆ ఉపాధ్యాయుడును మా అక్షరములను మాత్రమే చూచెను కాబోలు. వైద్యునికి చూపగా ఎముకకు ఏమియు కాలేదనియు, విశ్రాంతి కావలెననియు చెప్పిరి. మూడు వారములు వానిచేత అడుగులు మాత్రమే వేయించితిమి. తరువాత దినమునకు పావుగంట చాలునని నియమము పెట్టుకొంటిమి. ప్రతి సాయంకాలము మొదట అందరి చేతులు చాపించి చూచుట ఆనాటినుండి మా పాకలో అలవాటు.

విశ్రాంతి దినములలో వానికి మా ఫోనులో ఉక్రెయిను దేశపు అలెగ్జాండర్ ఉసిక్ పోటీ చూపితిమి. అతడు సౌత్‌పా. 2021 సెప్టెంబరులో లండనునందు తనకంటె పొడగరియగు ఆంథొనీ జాషువాను ఓడించిన పోటీ అది. గుద్దులను చూడవలదు, కుడిచేతిని కుడిపాదమును మాత్రమే చూడుమంటిమి. ఆ కుడిచేయి ఊరకుండుట అరుదు. తట్టును, చూపును, ఆగును, కొట్టును. 2024 మేలో రియాదునందు ఆతడే, ఆరడుగుల తొమ్మిదంగుళముల టైసన్ ఫ్యూరీని ఓడించినపుడు మావాడు మరునాడు ఉదయముననే మా యింటికి వచ్చి ఆ కబురు చెప్పెను.

2023 నవంబరులో మరల పోటీ. మొదటి దినమున ఎదుటివాడు ఆర్థొడాక్సు. మావాడు మొదటి రౌండులో తట్టుటయు, రొమ్మునకు వేయుటయు తప్ప మరేమియు చేయలేదు. మేము మూలనుండి ఒక్క కేకయు వేయలేదు. వేయకుండుటకు తువాలు కొస నోటకరచుకొంటిమి. రెండవ రౌండులో ఎదుటి బాలుని ఎడమచేయి మెల్లగా క్రిందికి దిగినది. మావాని కుడిచేయి రెండంగుళములు తట్టి, అచటినుండియే ముఖమునకు పోయినది. వెనుకనే ఎడమచేయి. మూడవ రౌండులో ఇద్దరును అలసిరి. అయిదుగురిలో ముగ్గురు మావానికి గెలుపిచ్చిరి. వాని తల్లి చప్పట్లు కొట్టలేదు. రింగు దిగగానే గ్లౌజు విప్పించి మణికట్టు చూచినది.

మరునాడు జరిగినది వ్రాయక తప్పదు. రెండవ పోటీలో ఎదుట వచ్చినవాడు కూడ పుర్రచేతివాడే! మావాడు వాడుక చొప్పున ముందుచేతిని తట్టబోయెను. అచట చేయి లేదు. గాలిని తట్టెను. పాదమును వెలుపలికి పెట్టబోయెను. వెలుపల అనునది ఇప్పుడు ఇంకొకప్రక్క నున్నది. వాని జ్యాబు మాత్రము తెరచిన బాటలో వచ్చి మావానికి తగులసాగెను. సౌత్‌పాకు సౌత్‌పా ఎదురైనచో ఏమి చేయవలెనో మేము ఒక్కనాడైన నేర్పియుండలేదు. మా పాకలో మరియొక పుర్రచేతి బాలుడు లేడు గదా యని తోచినది. అయిదుగురును ఎదుటివానికే గెలుపిచ్చిరి.

"అయ్యా, మనకు ఇంకొక పుర్రచేతివాడు ఎచట దొరకును?" అని వాడు బస్సులో అడిగెను. ఈసారి మాకు జవాబు తెలియును. కాని చెప్పుటకు కొంత ధైర్యము కావలసివచ్చినది.

సోమవారము సాయంకాలము కండ్లద్దములు తీసి కిటికీలో పెట్టి, ఇరువదియేండ్ల తరువాత గ్లౌజులు తొడిగికొంటిమి. తలకవచము మా తలకు చాలలేదు. బాలురు నవ్వు బిగబట్టుకొనిరి. కుడికాలు ముందుంచి వానికెదురుగా నిలిచితిమి. మెల్లగా వేయుమని చెప్పితిమి. వాడు మెల్లగానే వేసెను. మూడవది మా ముక్కుకొనకు తగిలినది.

"చదువుకొన్నదా అయ్యా?" అని వాడు తన కుడిచేతిని చూపుచు అడిగెను.

మాకు ఊపిరి అందలేదు. మరల నిలువుమని సైగచేసితిమి.